గదిలో పెట్టి తాళం వేస్తే తాగుడు మానేస్తాడా?

తమ్ముడు రోజూ తాగుతున్నాడు, నాలుగు రోజులు గదిలో పెట్టి తాళం వేద్దామా, లేక ఎవరో చెప్పినట్టు తెలియకుండా భోజనంలో మాత్ర కలుపుదామా అని అడిగారు. దయచేసి రెండూ చేయకండి.

మా అన్నయ్య విషయంలో మేం మొదటిదే చేశాం. సీసాలన్నీ పారబోసి, గడప దాటనివ్వలేదు. మర్నాటికి చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు. నాటకం అనుకున్నాం. ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగిన మనిషికి మందు ఒక్కసారిగా ఆగితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చని, 2 నుంచి 4 రోజుల్లో లేనివి కనబడుతూ మతి తప్పి ప్రాణం మీదికి కూడా రావచ్చని డాక్టర్ చెప్పాకే మాకు తెలిసింది. ఆసుపత్రిలో వణుకు తగ్గే మందులు, విటమిన్ బీ1 ఇస్తూ కొన్ని రోజులు దగ్గరుండి చూసుకున్నారు. ఆ పని ఇంట్లో మనవల్ల కాదు.

ఇక ఆ మాత్ర. చాలావరకు అది డైసల్ఫిరామ్ అయి ఉంటుంది. అది ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది. తెలియకుండా పెడితే ప్రాణం పోవచ్చు. తాగే మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టర్ రాస్తేనే వాడాలి.

ఒప్పుకోకపోతే ఎలా అంటారా? మాకు ఏడాది పట్టింది. వదిన ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని చెప్పేది, నేను అప్పులు తీర్చేవాణ్ణి. ప్రేమతోనే చేశాం, కానీ తాగుడు వల్ల వచ్చే నష్టం అన్నయ్య దాకా చేరనివ్వలేదు. ఆ రెండూ ఆపేశాం. తాగి వచ్చిన రాత్రి గొడవపడటం మానేసి, తెల్లారి మత్తు దిగాక మాట్లాడాం. "నిన్న నిన్ను చూసి పాప తలుపు వెనక దాక్కుంది అన్నయ్యా" అన్నాను. ఏమీ అనలేదు. వారం తర్వాత తనే "డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్దాం?" అని అడిగాడు.

ఆ తర్వాత రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాడు. అలా జరిగితే చికిత్స దండగైందనుకోకండి, మళ్లీ తీసుకెళ్లండి. అమ్మావాళ్లను, మిమ్మల్ని కూడా చూసుకోండి. వదినకు తాగేవారి కుటుంబాల కోసం 1951లో మొదలైన ఆల్-అనాన్ సమావేశాలు పెద్ద ఊరట.

ఉదయం లేవగానే తమ్ముడి చేతులు వణుకుతున్నాయా? తాగితేనే ఆ వణుకు తగ్గుతోందా? అలా ఉంటే మానమని ఒత్తిడి చేయకముందే డాక్టర్‌ను కలవండి.