మా బుజ్జి ప్రాక్టీస్ వదిలేయాలా? ఒక తండ్రి ప్రశ్నకి జవాబు

ప్రశ్న: గుంటూరులో 34 ఏళ్ళు సీఏ ప్రాక్టీస్ చేశాను మేడమ్. రెండేళ్ళ క్రితం ఆఫీసు మా బుజ్జికి అప్పగించా, ఏడుగురు ఆర్టికల్స్ (సీఏ చదువుతూ మా దగ్గర పని నేర్చుకునే ట్రైనీలు), ముగ్గురు స్టాఫ్. ఇప్పుడు రాత్రి రెండింటికి లేచి, సంతకం పెట్టేసిన ఫైల్ మళ్ళీ తెరుస్తోంది. "నేను దీనికి పనికిరాను నాన్నా, ఉద్యోగం చూసుకుంటా" అంటోంది. నా టైంలో ఒక్క నోటీసు రాలేదు, తనకెందుకింత భయం? వదిలేయమనాలా?

జవాబు: సార్, ఇప్పుడే వదిలేయమనకండి. ఉద్యోగం తప్పని కాదు, కంపెనీల్లో చాలామంది సీఏలు హాయిగా చేసుకుంటున్నారు, కానీ తన లోపల తిట్టే ఆ గొంతు ఏ ఆఫీసుకెళ్ళినా వెంటే వస్తుంది కదా. ముందు దాన్ని గుర్తుపట్టడం రావాలి, తర్వాత మనసు కుదుటపడ్డ రోజున ఏదైనా డిసైడ్ అవ్వొచ్చు. ఇక్కడినుంచి అమ్మాయికే రాస్తున్నా, చూపించండి.

బుజ్జీ, నీ లోపల మాట్లాడేవి రెండు గొంతులమ్మా, రెండూ ఒకేలా వినిపిస్తాయి, చిక్కంతా అక్కడే. ఒకటి "ఆ మిర్చి కమిషన్ షాపు వాళ్ళ 2బీకీ (అమ్మినవాళ్ళు వేసిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ చూపించే లిస్టు) కొనుగోళ్ళకీ లెక్క కుదరట్లేదు, చూడు" అంటుంది. అది నీ చదువు, దాని నోరు ఎప్పుడూ నొక్కొద్దు. రెండోది "నీకేం వచ్చు, ఏదో అదృష్టం కొద్దీ పాసయ్యావ్, నాన్న పేరు చెడగొడతావ్" అంటుంది. ఆ మాటలో ఫైల్ పేరు ఉందా లేదా చూడు. ఉంటే అది పని, చేస్తే అయిపోతుంది. ఊరికే నువ్వు నువ్వు అంటుంటే మాత్రం ఎన్నిసార్లు చెక్ చేసినా ఊరుకోదు, ఎందుకంటే దానికి కావాల్సింది ఫైల్ కాదు.

నీ ఒక్కదానికే అనుకోకు. 1978లో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అని ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు, బాగా పైకొచ్చిన ఆడవాళ్ళని 150 మందికి పైగా చూసి రాసింది ఇదే, అన్నీ సాధించినా "నాకేమీ రాదని ఎప్పుడో దొరికిపోతా" అన్న భయం.

రాత్రి మెలకువొస్తే ఫైల్ కాదు, ఒక నోట్‌బుక్ తెరువు. ఆ గొంతు ఏమంటోందో ఉన్నదున్నట్టు రాయి, కాగితం మీద చూస్తే సగం మాటలు నువ్వు ఏ ఆర్టికల్‌నీ అననివి. తర్వాత నిన్ను నువ్వే పేరు పెట్టి పిలిచి అడుగు, "బుజ్జీ, రేపు పొద్దున చూడాల్సిన ఫైల్ ఏది?" అని. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ, ఈథన్ క్రాస్ అనే అమెరికన్ సైకాలజిస్టు బృందం 2014లో అచ్చేసిన ప్రయోగాల్లో, తమని తాము పేరు పెట్టి పిలుచుకున్నవాళ్ళకి ఒత్తిడిలో కంగారు తగ్గింది. ఫైల్ పేరేదీ రాలేదంటే లైటార్పి పడుకోవడమే. ఇంకోటి, చెకింగ్‌కి ఒక లెక్క పెట్టుకో, సీనియర్ ఆర్టికల్ ఒకసారి, నువ్వొకసారి, తర్వాత సంతకం, యూడిన్ (సీఏ సంతకం పెట్టిన కాగితానికి తీసుకునే నంబరు), ఇక మూసేయ్.

ఇది నీ ఒక్కదాని నిద్ర గొడవే కూడా కాదు, నువ్వు ఆఫీసు నడిపేదానివి. లోపల నిన్ను నువ్వు తిట్టుకునే మాటే ఏదో ఒకరోజు "ఇది కూడా తెలీదా" అని ఆర్టికల్స్ మీదకి వచ్చేస్తుంది, అప్పట్నుంచి వాళ్ళు తప్పులు దాస్తారు, ఆ దాచింది టాక్స్ ఆడిట్ గడువు ముందు రోజు రాత్రి బయటపడుతుంది. అందుకే ప్రతి సోమవారం ఒక పది నిమిషాలు అందర్నీ కూర్చోబెట్టి పోయిన వారం దొరికిన తప్పు ఒక్కోటి చెప్పించు, ముందు నీది చెప్పు, సారీలు వద్దు, ఏం జరిగింది, ఎలా సరిచేశాం, అంతే. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగ్గా లేకపోతే మాత్రం ఆగొద్దు తల్లీ, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

సార్, చివర్న మీకో మాట, కోపం తెచ్చుకోకండి. "నా టైంలో ఒక్క నోటీసు రాలేదు" అని మీరు గర్వంగానే అన్నారు, కానీ అమ్మాయి చెవిలో రాత్రి రెండింటికి మోగేది అదే అయ్యుండొచ్చు. మీ సర్వీసులో ఎక్కువ భాగం 2017లో జీఎస్టీ రాకముందుది, ఇప్పుడు లెక్కలో తేడా వస్తే సిస్టమే నోటీసు పంపేస్తుంది, నోటీసు వచ్చిందంటే తప్పు చేసినట్టు కాదు. 34 ఏళ్ళలో మీకూ చెమటలు పట్టించిన ఫైల్ ఒకటుండే ఉంటుంది. ఈ ఆదివారం భోజనాల దగ్గర దాని సంగతి చెప్పండి తనకి, అప్పుడు మీరు ఎంత భయపడ్డారో కూడా దాచకుండా చెప్పండి.