మొక్కల మీదికి నెట్టకండి

విజయవాడ నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ రాశారు. వయసు 66, భర్త పోయి నాలుగేళ్లు. మేడ మీద 110 కుండీలు పెంచుతున్నారు. డాలస్‌లో ఉన్న కొడుక్కి రెండో బిడ్డ పుట్టబోతోంది. ఫిబ్రవరిలో వచ్చి ఆరు నెలలు ఉండమంటున్నాడు. "మొక్కల్ని ఎవరు చూస్తార్రా" అంటే "డ్రిప్ పెట్టించెయ్ అమ్మా, డబ్బులు పంపిస్తా" అన్నాడట. సన్నటి గొట్టాలతో చుక్కచుక్కగా నీళ్లు పడే ఈ డ్రిప్‌లో ఎలాంటిది మంచిది, మోకాళ్ల నొప్పులతో ఇన్ని మొక్కలు చూసుకోవడం ఎలా అని అడుగుతున్నారు.

అమ్మా, డ్రిప్ వద్దు. విజయవాడ మే ఎండకి మేడ మీద కుండీలకు రెండు పూటలా నీళ్లు పడాలి. గొట్టంలో నలుసు అడ్డుపడితే చాలు, ఆ మొక్క పని అయిపోయినట్టే. చూసే మనిషి లేకపోతే టైమర్ ఉండీ లాభం లేదు.

కుండీలు ముప్ఫైకి తగ్గించండి. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ అంటే ఏటా నారు పోయాలి, పురుగులు ఏరాలి. అవి మానేయండి. కరివేపాకు, దొండపాదు, బచ్చలి, గోంగూర, తులసి, మీ మల్లెలు చాలు. ఆకుకూరల కుండీలు నడుము ఎత్తు స్టాండ్ల మీద పెడితే వంగక్కర్లేదు. మట్టిలో కొబ్బరి పొట్టు కలిపితే బరువు తగ్గుతుంది. పిండినల్లి (తెల్లటి పిండిలా అంటుకునే పురుగు) పడితే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి కొట్టండి. మిగతా కుండీలు అడిగినవాళ్లకు ఇచ్చేయండి. మీ ప్రశ్నకి జవాబు ఇంతే.

మీరు అడగనిది ఇంకోటుంది. ఉత్తరంలో సగం మల్లెల గురించే రాశారు. జనవరిలో కొమ్మలు కత్తిరించి ఆకు దూసేస్తే వేసవికి ఎలా విరగబూస్తాయో, పోయినసారి డాలస్‌లో ఉండి వాటిని చూడనే లేదని. డాలస్ గురించి మాత్రం ఒక్క ముక్క: "పొద్దున వాళ్లు ఆఫీసుకెళ్తే సాయంత్రం దాకా తలుపు తీసే పనే ఉండదు." మీకు ఆరు నెలలు అక్కడ ఉండాలని లేదు. ఆ సంగతి మీ అబ్బాయికి తప్ప ఉత్తరం చదివిన ఎవరికైనా తెలిసిపోతుంది.

అతన్ని తప్పుపట్టలేను. మీరు మొక్కలన్నారు, అతను మొక్కలకు దారి చూపించాడు. రేపు మోకాళ్లంటే మందులు పంపిస్తాడు. అసలు మాట మీరు నోరు తెరిచి చెప్తే కదా. "కోడలికి నా వంట నచ్చదు" అని మధ్యలో ఇరికించారు చూడండి, అదీ సాకే. నెలలు నిండుతున్న పిల్లని ఇందులోకి లాగకండి.

నేను కాస్త పాతకాలం మనిషినే. పురిటికి పెద్దవాళ్లు దగ్గరుండాలనే అంటాను. కానీ పురిటికి తోడుండటం వేరు, జీతం లేని ఆయాగా ఆరు నెలలు ఉండటం వేరు. వియ్యపురాలి మాటే ఎత్తలేదేం? ఆవిడ కొన్నాళ్లు, మీరు కొన్నాళ్లు అని పంచుకోవడం మన ఇళ్లలో కొత్తా? "ఒక్కగానొక్క కొడుకు, నొచ్చుకుంటాడేమో" అన్నారు. నొచ్చుకుంటాడు, నాలుగు రోజులు ముక్తసరిగా మాట్లాడతాడు. పర్వాలేదు. తన పిల్లల్ని పెంచుకోవాల్సింది తనే. మీ వంతు మీరు ఎప్పుడో చేసేశారు, ఇప్పుడు సొంత పెన్షన్‌తో తలెత్తుకుని బతుకుతున్నారు.

ఈసారి ఫోన్ చేసినప్పుడు కుండీల ఊసు ఎత్తకండి. "నాన్నా, పురిటికి వస్తాను, రెండు నెలలుంటాను. ఆపైన నాకు నా ఇంట్లోనే ఉండాలనుంది" అనండి. ఎందుకని అతను అడిగితే మళ్లీ సంజాయిషీలు మొదలుపెట్టకండి. తిరుగు టికెట్ తేదీ మీరే చెప్పండి, కుదిరితే మీ డబ్బుతోనే కొనుక్కోండి. విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బులకి చాలావరకు వర్తించవు, కాబట్టి మోకాళ్లు ఇక్కడే డాక్టరుకి చూపించుకుని, మందులు, చీటీ పట్టుకెళ్లండి. ఆ రెండు నెలలూ నీళ్లు పోయడానికి పనమ్మాయికి విడిగా జీతం మాట్లాడి, సగం ముందే ఇవ్వండి.