ఆవిడ కథలు, మీ ఎర్ర పెన్ను

ప్రశ్న: మా ఆవిడ గవర్నమెంట్ స్కూల్ టీచరు. చాలా ఏళ్లుగా కథలు రాస్తోంది, పత్రికల్లో వచ్చాయి కూడా. ఇప్పుడు పదిహేను కథలతో మొదటి పుస్తకం వేద్దామని కూర్చుంది. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. చదివి ‘బాగుంది’ అంటే ‘అంతేనా?’ అంటుంది, వంక పెడితే రెండు రోజులు మాట్లాడదు. ఒక ప్రచురణ సంస్థవాళ్లేమో వెయ్యి కాపీలకు డబ్బు మమ్మల్నే పెట్టుకోమంటున్నారు. నేను కరెంటు ఆఫీసులో బిల్లులు చూసేవాణ్ణి, సాహిత్యం తెలియదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సాహిత్యం తెలియకపోవడం మీకు కలిసొచ్చేదే అండీ. ముందు ఆ ‘బాగుంది’ మానేయండి. ఏ పేజీ దగ్గర ఫోన్ తీసి చూడాలనిపించిందో, ఎవరు ఎవరికి ఏమవుతారో ఎక్కడ తికమకపడ్డారో చెప్పండి, అంతకుమించి ఆవిడకి మీ నుంచి తీర్పు అక్కర్లేదు. అదీ అడిగినప్పుడే. రాత్రి పదింటికి వంటిల్లు సర్దుకుని అప్పుడు రాయడానికి కూర్చునే మనిషికి ఆ సర్దే పనేదో మీరు తీసుకుంటే సగం సాయం అక్కడే అయిపోతుంది.

ఇక ప్రూఫులు, అంటే అచ్చుకి ముందు తప్పులు దిద్దే పేజీలు. ఇది మీ పనే అంటాను. టైపు చేసిన కథ ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా వాడే యూనికోడ్‌లో ఉంటుంది, మన డీటీపీవాళ్లు చాలామంది ఇంకా ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలోనే పేజీలు పెడతారు, అటు నుంచి ఇటు మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, అర్ధరాత్రి కాస్తా ‘అర్థరాత్రి’ అయ్యేది మాత్రం మన చేతి చలవే. రాసినవాళ్లకి ఇవి కనబడవు, కథ కంఠతా వచ్చు కాబట్టి కన్ను తప్పు మీంచి జారిపోతుంది. కాగితం మీద ప్రింటు తీయించండి, మీరు పైకి చదవండి, ఆవిడ అసలు ప్రతి పట్టుకుని వింటుంది, ఎర్ర పెన్ను మీ చేతిలో ఉంటుంది. బిల్లులో అంకె తప్పు పట్టే కన్ను కదా మీది, రెండో పేజీలో సుజాత ఇరవయ్యో పేజీలో సుజన అయితే మీరే పట్టుకుంటారు.

వెయ్యి కాపీలు మాత్రం వద్దు. ఎక్కువ వేస్తే కాపీ ఖర్చు తగ్గుతుందన్నది నిజమే, కానీ అమ్ముడుపోని కట్టలు చేరేది మీ మంచం కిందికే. మొదటి కథల పుస్తకానికి మూడొందలు, మహా అయితే ఐదొందలు చాలు, ప్రింట్ ఆన్ డిమాండ్ (ఆర్డరు వచ్చినప్పుడే కాపీ వేసే పద్ధతి) అయితే ఇంకా తక్కువతో మొదలుపెట్టొచ్చు. షాపులవాళ్ల కమీషన్ పెద్దదే, దాన్ని ముందే తీసేసి లెక్క వేసుకోండి. ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకం గుర్తింపు నంబరుకి) విడిగా డబ్బు అడిగితే ఎందుకని అడగండి, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, రచయితలు సొంతంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. కాపీరైట్ రాసినప్పట్నుంచే ఆవిడది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాకపోతే వాళ్లిచ్చే అగ్రిమెంటులో హక్కులన్నీ వాళ్లకి రాసిచ్చే ముక్క ఉందేమో సంతకానికి ముందు రెండుసార్లు చూడండి. పెట్టిన డబ్బు తిరిగొస్తుందా అని ఆవిడని అడక్కండి. తిరుపతి వెళ్లొచ్చిన ఖర్చు ఎవరైనా రాబట్టుకుంటారా?

అసలు పరీక్ష పుస్తకం వచ్చాక మొదలవుతుంది, అది మీకే. ‘ఆ మూడో కథలో గయ్యాళి అత్తగారు మా అక్కేనా?’ అని మీ మేనమామ ఫోన్ చేస్తాడు. కథలో మొగుడు పిసినారి అయితే ఆఫీసులో మిమ్మల్ని అదోలా చూస్తారు. ఆవిడని సంజాయిషీ అడక్కుండా ‘కథ కదా మామయ్యా, చదివి చెప్పు’ అని అక్కడికక్కడే తేల్చేయండి. ‘మాకో కాపీ ఫ్రీగా ఇవ్వమ్మా’ అనే చుట్టాలతో ఆవిడ డబ్బు మాట ఎత్తలేదు, మీరు నవ్వుతూ ఫోన్‌పే నంబర్ చెప్పండి. ఆవిష్కరణ సభ పెట్టండి, శాలువాలు తగ్గించండి. సభ అయిన నెలకి ఫోన్లు ఆగిపోతాయి, సమీక్షలు రావు, ఆవిడ ముభావంగా తిరుగుతుంది. అప్పుడు ‘ఎన్ని అమ్ముడయ్యాయి’ అనే ప్రశ్న మీ నోట రాకూడదు, కొత్త కథ ఎంతవరకొచ్చిందని అడిగితే చాలు.

ఇంకో మాట, డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి ఎలాగైనా తేవాలని డీటీపీ ఆయన్ని తొందరపెట్టకండి. రెండో ప్రూఫు అవ్వకపోతే జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉండనే ఉంది.