గేటు దగ్గర జాగ్రత్త

అమ్మాయీ,

జైలు డాక్టరుగా చేరుతున్నావని తెలిసి సంతోషించాను. మీ అమ్మ భయపడుతోందట. పెద్దమ్మ ముప్పై ఏళ్లు ఆ ఉద్యోగమే చేసి నిక్షేపంలా ఉందని చెప్పు.

ఓపీ ఎలా నడపాలని అడిగావు. అది నీకు వచ్చు. నేను చెప్పేది గేటు గురించి. జైల్లో వైద్యం తెగిపోయేది ఎక్కువగా మనిషి లోపలికొచ్చే రోజు, బయటికెళ్లే రోజు.

కొత్త ఖైదీ తరచుగా చీకటి పడ్డాకే వస్తాడు. బెల్టు, పర్సుతో పాటు జేబులోని మాత్రలు కూడా సంచిలో వేసి సీలు చేస్తారు. అవి మూర్ఛ మాత్రలో, టీబీవో, హెచ్‌ఐవీవో ఎవరూ చూడరు. నువ్వు చూడు. వార్డరును కాస్త దూరంగా నిలబడమని చెప్పి, ఏ మందులు వాడుతున్నాడో, చివరిసారి మద్యం ఎప్పుడు తాగాడో, చచ్చిపోవాలనిపిస్తోందా అనీ సూటిగా అడుగు. ఏం కేసు అని మాత్రం అడగకు. తెలిస్తే మన చెయ్యి మనకు తెలియకుండానే బరువెక్కుతుంది.

ఒకతను వచ్చిన రెండో రాత్రి వణుకుతున్నాడని కబురొస్తే, నాటకాలాడుతున్నాడన్న వార్డరు మాట నమ్మి నేను లేవలేదు. తెల్లారేసరికి ఫిట్స్, పిచ్చి చూపులు, పొంతన లేని మాటలు. రోజూ తాగేవాడికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుందని పుస్తకంలో చదివిన నేనే అలా చేశాను. అతను బతికాడు కాబట్టి ఈ మాట నీకు రాయగలుగుతున్నాను.

అధికారులతో పేచీలు తప్పవు. ఖైదీలతో ఎలా మెలగాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల ప్రతి ఒకటి బల్ల సొరుగులో ఉంచుకో. బయటి జనానికి దొరికే స్థాయి వైద్యమే ఖైదీకీ ఉచితంగా అందాలని 24వ నియమం చెబుతుంది. వైద్య నిర్ణయాన్ని వైద్యేతర సిబ్బంది కొట్టేయకూడదన్నది 27వది. గొంతు పెంచకు, ఆ పేజీ తీసి ముందు పెట్టు. నార్వేలో 1988లోనే జైలు వైద్యాన్ని మామూలు స్థానిక ఆరోగ్య సేవలకు అప్పగించారు. జీతమిచ్చే యజమాని వేరైతే డాక్టరు నోరు కొంచెం ధైర్యంగా లేస్తుంది, అది మానవ స్వభావం.

పెద్దాసుపత్రికి పంపడం ఇంకో తలనొప్పి. డాక్టరు దొరికిన రోజు వెంట వెళ్లే పోలీసు ఎస్కార్టు దొరకదు. తప్పిపోయిన ప్రతి అపాయింట్‌మెంటునూ కారణంతో సహా ఒక రిజిస్టర్లో రాసి నెలనెలా పైఅధికారి చేత సంతకం పెట్టించు. నేను ఎంత అరిచినా కదలని వాళ్లు ఆ సంతకాలకు కదిలారు.

ఇక విడుదల. బెయిలు కాగితం సాయంత్రం వస్తుంది, మనిషి అరగంటలో వెళ్లిపోతాడు. రిమాండు ఖైదీ కోర్టు నుంచే ఇంటికి పోవచ్చు. నీకెవరూ చెప్పరు. అందుకే రోగం, మందులు, మోతాదు రాసిన చీటీ ముందే తయారుగా ఉండాలి, కోర్టుకు వెళ్లే ప్రతిసారీ దాన్ని అతని చేతికివ్వాలి. విడుదలయ్యే వాడికి కనీసం రెండు వారాల మందులు కట్టించు. రెండు వారాలని ఊరికే అనడం లేదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ల నుంచి విడుదలైన వాళ్ల మీద చేసిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. మొదటి రెండు వారాల్లో వాళ్లకు చావు ముప్పు మిగతా జనంతో పోలిస్తే 12.7 రెట్లు. అన్నిటికన్నా పెద్ద కారణం మాదకద్రవ్యాల మోతాదు మించడం. లోపల ఉన్నన్నాళ్లూ ఒంటికి అలవాటు తగ్గిపోతుంది. బయటికెళ్లి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. మొహమాటపడకుండా ఆ మాట అతనికి చెప్పు, ఇంటి వాళ్లకు చెప్పాలంటే ముందు అతన్ని అడుగు. హెరాయిన్ లాంటివి మోతాదు మించినప్పుడు ఊపిరి తిరిగి తెప్పించే నలాక్సోన్ అనే మందు దొరికితే చేతికిచ్చి పంపు.

చీటీ ఇచ్చినంత మాత్రాన ఆసుపత్రికి వెళ్తాడనుకోకు. గుమ్మంలో యూనిఫాం కనిపిస్తే వెనక్కి తిరిగే వాళ్లను చూశాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2006లో మొదలైన ఒక క్లినిక్‌లో, జైలుకు వెళ్లొచ్చిన వాళ్లనే ఆరోగ్య కార్యకర్తలుగా పెట్టి కొత్తగా విడుదలైన వాళ్లకు తోడిస్తున్నారు. నీకు అంత వీలు దొరక్కపోయినా, బయటి ఆసుపత్రిలో ఒక నర్సు పేరు, ఆమె డ్యూటీలో ఉండే వేళ చీటీ మీద రాయి. పేరు తెలిస్తే మనిషి కదులుతాడు.

చేరిన మొదటి వారంలోనే ఆ సీలు వేసిన సంచుల గది చూపించమని అడుగు. ఎన్నిటిలో మందులున్నాయో లెక్కపెట్టి నాకు రాయి.

నీ పెద్దమ్మ