ఫ్లాట్ వాటా రాసిచ్చే ముందు బ్యాంకుకు వెళ్లండి

ప్రశ్న: మాది విశాఖ. నాకు 36, మా వారికి 39, ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలు, ఎనిమిదేళ్ల పాప. ఏడాదిన్నరగా విడిగా ఉంటున్నాం, ఇష్టపడే విడిపోతున్నాం. మధురవాడలో ఇద్దరి పేరునా ఫ్లాట్ ఉంది, లోన్ ఇంకా 31 లక్షలు. ‘నీ వాటా నాకు రాసిచ్చెయ్, ఈఎమ్‌ఐ నేనే కట్టుకుంటా, బంగారం నువ్వు తీసుకో’ అంటున్నారు. సంతకం పెట్టేయనా?

జవాబు: ఇప్పుడే పెట్టకండి. మీవారి మీద అనుమానంతో అనడం లేదు, మీరిద్దరూ కూర్చుని తేల్చుకున్న ఆ లెక్కలో బ్యాంకును ఎవరూ అడగలేదు, అదీ నా భయం. ఈఎమ్‌ఐ ఆయనే కట్టాలని డిక్రీలో, అంటే కోర్టు ఇచ్చే విడాకుల ఉత్తర్వులో, రాయించుకున్నా సరే, లోన్ కాగితాల మీద మీ సంతకం ఉన్నంతకాలం ఆయన రెండు నెలలు ఆపితే బ్యాంకు ఫోన్ మీకూ వస్తుంది, అప్పులు ఎలా కడుతున్నామో చూపే మీ సిబిల్ స్కోరూ పడిపోతుంది. అప్పటికి ఆ ఫ్లాట్‌లో మీకు గజం చోటు కూడా ఉండదు. గాజువాక నుంచి నా దగ్గరకు వచ్చిన ఒకావిడకు విడాకులైన మూడేళ్లకు స్కూటీ లోన్ రాలేదు, ఎందుకా అని చూస్తే పాత ఇంటి బకాయి.

అందుకని ముందు ఇద్దరూ కలిసి బ్రాంచికి వెళ్లండి. ఆయన ఒక్కరి జీతం మీద ఆ లోన్ నడుస్తుందో లేదో వాళ్లు మళ్లీ లెక్క కడతారు. నడుస్తుందంటే మీ పేరు తీసేసినట్టు లెటర్ తీసుకోండి, అది చేతికొచ్చాకే మీ వాటా ఆయనకు వదులుకునే రిలీజ్ డీడ్. నడవదంటే ఫ్లాట్ అమ్మి, లోన్ తీర్చి, మిగిలింది పంచుకోవడమే మంచిది. మన దగ్గర విడాకులైతే ఆస్తి చెరిసగం అనే చట్టం లేదు, ఎవరి పేరున ఉంది, ఎవరెంత కట్టారు అన్నదే వాదనకు వస్తుంది కాబట్టి మీరు కట్టిన డౌన్‌పేమెంట్, ఈఎమ్‌ఐల స్టేట్‌మెంట్లు ఇవాళే తీసి పెట్టుకోండి.

ఇక బంగారం ‘నువ్వు తీసుకో’ అనడం చదివి నవ్వొచ్చింది. పుట్టింటివాళ్లు పెట్టిందైనా, అత్తింటివాళ్లు మీకని పెట్టిందైనా అది స్త్రీధనం, మొదటినుంచీ మీదే. సుప్రీంకోర్టు 1985లోనే తేల్చిన సంగతి ఇది. మీ సొమ్ము మీకే ఇచ్చి బదులుగా వాటా అడగడమేంటి? లాకర్ జాయింట్ అయితే ఇద్దరూ వెళ్లి, వస్తువుల జాబితా రాసి, సంతకాలు చేసుకుని తెచ్చేసుకోండి.

మీది హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లే అనుకుంటున్నా. పరస్పర అంగీకారం కేసులో మొదటి మోషన్, అంటే ఇద్దరూ కలిసి కోర్టులో వేసే తొలి అర్జీ, తర్వాత ఆరు నెలలు ఆగాలి. సుప్రీంకోర్టు 2017 తీర్పు తర్వాత కోర్టు తలచుకుంటే ఆ గడువు మాఫీ చేస్తోంది, చాలామంది లాయర్లు అదే అడుగుతారు కూడా, కానీ మీరు తొందరపడకండి, బ్యాంకు పనికి ఆ టైమ్ కావాలి. పైగా డిక్రీ వచ్చేదాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు, డీడ్ ముందే ఇచ్చేసి కూర్చుంటే మీకే టెన్షన్.

మీ ఉత్తరంలో పాప ఖర్చు మాటే లేదేంటండీ? మీకు భరణం వద్దనుకుంటే అది మీ ఇష్టం, పాపకు రావలసింది మాత్రం మీరు వదులుకున్నానని రాసినా చెల్లదు. స్కూల్ ఫీజు ఏటా పెరుగుతుంది కాబట్టి నెలకు ఇంత అని ఒక్క అంకె వేసి వదిలేయకుండా ఏటా ఎంత పెంచాలో కూడా ఒప్పందంలో రాయించండి. మీరూ భరణం అడిగేట్టయితే ఒకటి గుర్తుంచుకోండి, ఒకేసారి తీసుకున్న మొత్తానికి మామూలుగా ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు, నెలనెలా వచ్చేదానికి పడుతుంది.

లాయర్ ఫీజుకు ఇబ్బంది అయితే విశాఖ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, ఆడవాళ్లకు జీతం ఎంతన్నది చూడకుండానే ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. నేను లెక్కల మనిషిని, ఒప్పందం కాగితం మాత్రం వాళ్లకు చూపించాకే ఖాయం చేసుకోండి.