మెదడులో కేవర్నోమాలు: జన్యు పరీక్ష ముందు ఎవరికి?

ప్రశ్న: నా వయసు 34. మా అమ్మకు కొన్నేళ్లుగా ఫిట్స్ వస్తున్నాయి. మెదడులో చాలాచోట్ల కేవర్నోమాలు ఉన్నట్టు ఎమ్మారైలో తేలింది. నిరుడు మా అన్నయ్యకూ ఫిట్స్ వచ్చి, అదే సమస్య బయటపడింది. నాకు ఏ ఇబ్బందీ లేదు. నేను జన్యు పరీక్ష చేయించుకోవాలా? 9, 5 ఏళ్ల నా పిల్లలకూ చేయించాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మెదడులోని సన్నని రక్తనాళాలు పలచబడిన గోడలతో ఉబ్బి, మల్బరీ పండులా గుత్తిగా ఏర్పడితే దాన్ని కేవర్నోమా అంటాం. చాలామందిలో ఇది ఒక్కటే ఉంటుంది, వంశపారంపర్యంగా రాదు. మీ ఇంట్లో మాత్రం అమ్మగారికి చాలాచోట్ల ఉండటం, మీ అన్నయ్యకూ రావడం చూస్తే ఇది వంశపారంపర్య రకమేనని గట్టిగా అనుమానించాలి. క్రిట్1, సీసీఎం2, పీడీసీడీ10 అనే మూడు జన్యువుల్లో ఏదో ఒకదానిలోని లోపం వల్ల ఇది వస్తుంది. తల్లికి గానీ తండ్రికి గానీ ఆ లోపం ఉంటే, కొడుకైనా కూతురైనా ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం 50 శాతం.

అయితే పరీక్ష మీతో మొదలుపెట్టకండి. ముందుగా అమ్మగారికి గానీ అన్నయ్యకు గానీ చేయించండి. ఈ వరుస తప్పితే ఖర్చు దండగ కావడమే కాదు, లేనిపోని ధైర్యం కూడా కలుగుతుంది. మీ కుటుంబంలోని లోపం ఏ జన్యువులో, ఎక్కడ ఉందో తెలియకుండా మీ ఒక్కరికే పరీక్ష చేసి ‘ఏమీ లేదు’ అని రిపోర్టు ఇస్తే, మీకు నిజంగానే రాలేదో, ఆ లోపం ఈ పరీక్షకు అందని రకమో చెప్పలేం. జన్యువులో ఒక ముక్క మొత్తంగా ఎగిరిపోయిన లోపాలు మామూలు సీక్వెన్సింగ్‌లో (జన్యువులోని అక్షరాల వరుసను చదివే పరీక్షలో) దొరక్కపోవచ్చు కాబట్టి, వాటిని కూడా చూడమని ల్యాబ్‌ను ముందే అడగాలి. అమ్మగారిలో లోపం దొరికితే, మీకు ఆ ఒక్కదాన్నే వెతికితే చాలు. అది మీలో లేదంటే మీ పిల్లలకు మీ నుంచి వచ్చే ప్రసక్తే లేదు, వాళ్లకు పరీక్ష అనవసరం. అమ్మగారిలో ఏమీ దొరక్కపోతే, మీకు ఎమ్మారైయే దారి.

మీలో లోపం ఉందని తేలినా కంగారు పడకండి. అది ఉన్నవారిలో చాలామందికి జీవితాంతం ఏ లక్షణమూ కనిపించదు, కేవర్నోమా నుంచి ఎప్పుడు బ్లీడింగ్ అవుతుందో జన్యు పరీక్ష చెప్పలేదు. అప్పుడు ఒకసారి ఎమ్మారై తీయించి, అందులో ఎస్‌డబ్ల్యూఐ అనే ప్రత్యేక స్కాన్ పద్ధతి తప్పక ఉండేలా చూడండి, చిన్న కేవర్నోమాలు అందులోనే బాగా కనిపిస్తాయి. యాంజియోగ్రామ్‌లో ఇవి సాధారణంగా కనిపించవు.

పిల్లల విషయంలో మీ ఫలితం వచ్చేదాకా ఆగండి. పీడీసీడీ10 లోపం ఉన్న కుటుంబాల్లో చిన్నతనంలోనే బ్లీడింగ్ అయ్యే ప్రమాదం ఎక్కువ కాబట్టి, అలాంటప్పుడు ఆలస్యం చేయకూడదు. మిగతా రెండింటిలో, పిల్లలు ఆరోగ్యంగా ఉంటే, జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడి నిదానంగా నిర్ణయించవచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. అమ్మగారి, అన్నయ్య ఎమ్మారై ఫిల్ములు, రిపోర్టులు రెండూ వెంట తీసుకెళ్లండి.

ఈలోగా ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వచ్చినా, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, ఒకవైపు కాలూచేయీ పట్టు తప్పడం, మాట తడబడటం, వస్తువులు రెండుగా కనబడటం వంటివి కనిపించినా, ఏ జన్యు ఫలితం కోసమూ ఎదురుచూడకుండా వెంటనే న్యూరాలజిస్టు ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి.