ఆ రాత్రి కయ్యలో ఏముంది?

అమ్మణ్ణీ,

నీ వ్యాసం అందింది. రాత్రి భోజనమయ్యాక ఒకసారి, తెల్లారుజామున కొండ మీద దీపాలు ఆరకముందే ఇంకోసారి చదివాను. చిత్తూరు జిల్లా కౌండిన్య అడవి పక్క ఊళ్ళో పుట్టిన పిల్ల ఏనుగుల గురించి కలం పట్టిందంటేనే నాకు చాలా సంతోషం. నా కాలంలో ఆ ఊళ్ళ గురించి రాసింది నాలాంటి బయటివాళ్ళే. తిరుపతి నుంచి బస్సెక్కి వచ్చి, ఒక పూట తిరిగి, రాసుకుపోయేవాళ్ళం. నువ్వు అట్లా కాదు, ఆ చీకటిలో పెరిగినదానివి. అందుకే నిన్ను కాస్త గట్టిగానే మందలిస్తాను.

నీ ఎనిమిది పేజీల్లో 'మానవ–వన్యప్రాణి సంఘర్షణ' అన్న మాట పదకొండు చోట్ల కనబడింది. ఏనుగులు పడ్డ ఆ కయ్యలో ఆ రాత్రి ఏ పంట ఉందో మాత్రం ఎక్కడా లేదు. వరి అయితే పొట్ట మీద ఉందా, కోతకొచ్చిందా? చెరకా, అరటా, రాగా? రాగి పోతే ఆ ఇంటికి ఏడాది సంకటి పోయినట్టు. అరటి గెలలు దిగే ముందు తోట పడిపోతే అప్పు తీర్చే దారి మూసుకుపోయినట్టు. తోతాపురి మామిడి చెట్టు కొమ్మ విరిగితే ఒక కాపుతో తీరే నష్టం కాదు, ఆ కొమ్మ మళ్ళీ ఎదగడానికి ఎన్నేళ్ళు పడుతుందో మీ నాయన్ను అడుగు. నీకు ఇవన్నీ తెలుసు. తెలిసి కూడా, రాసేటప్పుడు ఎవరో మీటింగులో మాట్లాడిన భాష తెచ్చుకున్నావు.

నేనూ అదే తప్పు చేశాను. ముప్పై ఏళ్ళ కిందట పలమనేరులో ఒక లాడ్జిలో కూర్చుని, ఇద్దరు ముగ్గురిని అడిగి, ఏనుగుల మీద నా మొదటి కథనం రాశాను. రెండెకరాల పంట నష్టం, పరిహారం కోసం రైతు ఎదురుచూపు. అచ్చులో చూసుకుని మురిసిపోయాను. నెల తర్వాత వేరే పని మీద అదే ఊరికి పోతే ఆ రైతు గుర్తుపట్టి పలకరించాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు: "రెండెకరాలని రాసినారు సామీ, అది నిజమే. మా పిల్లోడు ఆ యేడంతా మంచె మీద కావలికి పోయి బడి మానేసినాడు. దాన్ని మీరు రాయలేదే." ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. అడవి గురించి నేను తర్వాత రాసినదంతా ఆ మాట చెప్పిన దారిలోనే నడిచింది.

నీకు నేను చెప్పదలచుకున్నదీ అదే. ఒక జంతువునో అడవినో కాపాడుతున్నారని విన్నప్పుడల్లా, ఆ కాపాడటానికి ఖర్చు ఎవరి ఇంట్లోంచి పోతోంది, ఫలం ఎవరి ఇంటికి చేరుతోంది అని అడుగు. డబ్బు ఖర్చొక్కటే కాదు. నిద్ర, బడి, భయం, పిల్లకు వచ్చిన సంబంధం తప్పిపోవడం, అన్నీ అందులోవే.

కౌండిన్య సంగతే తీసుకో. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు మన కుప్పం, పలమనేరు వైపు వచ్చాయి. 1990లో ఆ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. దాదాపు 357 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద పెద్దగానే కనిపిస్తుంది. పటం ముందు పెట్టుకుని చూడు, పొడుగ్గా, సన్నగా సాగిన అడవి అది. సన్నని అడవికి అంచు ఎక్కువ, అంచు పొడుగునా ఊళ్ళే. పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోల దాకా మేస్తుంది. ఎండాకాలం అడవిలో కుంటలు ఎండి, గడ్డి మొలవాల్సిన చోట లాంటానా కంప అల్లుకుపోతే అది ఎక్కడికి పోవాలి? రెండు కొండల మధ్య కనబడే పచ్చదనం మీ చెరకు తోటే. నీ వ్యాసంలో ఏనుగు 'దాడి చేసింది' అని రాశావు. ఆకలితో వచ్చిందని రాస్తే రైతు నష్టం తగ్గిపోదు. చదివేవాడికి మాత్రం సమస్య మొదలు ఎక్కడుందో కనబడుతుంది.

కందకాలు తవ్వారు. రాతి నేల దగ్గర, వంక దాటే దగ్గర అవి ఆగిపోయాయి, ఏనుగు సరిగ్గా అక్కడే దాటుతుంది. సోలార్ కంచెలు వేశారు. ఎండు మాను తెచ్చి తీగ మీద పడేసి దాటడం అది నేర్చుకుంది. విసిగిపోయి దొంగతనంగా కరెంటు తీగలు పెట్టినవాళ్ళూ ఉన్నారు, వాటికి ఏనుగులూ చచ్చాయి, మనుషులూ చచ్చారు. 2023లో పలమనేరు దగ్గర హైవే మీద లోడు బండి గుద్ది మూడు ఏనుగులు ఒకేసారి పోయాయి. 2025 మే నెలలో కర్ణాటక మనకు కుంకీ ఏనుగుల్ని, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగుల్ని, ఇచ్చింది, పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం పెట్టారు. వాటి మీద జనానికి ఆశ ఉంది, నాకూ ఉంది. అయితే కుంకీ వచ్చి గుంపును తరిమిందంటే ఆ గుంపు ఇంకో ఊరి పక్కకు పోయిందని కూడా అర్థం. ఆ ఇంకో ఊరు ఏదో కనుక్కుని అక్కడికి కూడా పో.

కర్ణాటకలోని కొడగులో 2021లో ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ ఏనుగులు వచ్చే దారిలో తేనెటీగల పెట్టెలు పెట్టించింది. ఏనుగుకు తేనెటీగంటే భయం, కళ్ళ చుట్టూ తొండం లోపలా కుడితే తట్టుకోలేదు. కెన్యాలో రైతులు ముందే ఇట్లాంటి పెట్టెల కంచె కట్టారు. ఈ ఉపాయంలో నాకు నచ్చింది, కాపలా కాసే పెట్టెలోంచే రైతుకు తేనె కూడా రావడం. ఖర్చు మోసేవాడికే ఫలం కూడా దక్కుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పూలూ నీళ్ళూ లేక ఈగలు పెట్టె వదిలిపోతే ఏం చెయ్యాలన్నది వేరే ప్రశ్న. మీ పక్క తేనె తీసే ముసలాళ్ళుంటే వాళ్ళను అడుగు. పుస్తకంలో ఉన్నదానికంటే ఎక్కువ చెప్తారు.

ఏనుగుల నుంచి కాస్త పక్కకు రా. నేలపట్టు పక్షుల చెరువు ఎప్పుడైనా చూశావా? 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట వైపు ఊళ్ళతో పాటు అదీ మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. చెరువు నీళ్ళలోనే నిలబడి పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కడతాయి. వానలకు చెరువు నిండితే వస్తాయి, పిల్లల్ని పెంచుకుని ఎండలు ముదిరేలోపు పోతాయి. వందల గూళ్ళ కింద చెరువులో పడేదంతా రెట్ట. ఆ నీళ్ళే తూము దాటి పొలాలకు పారుతాయి. పిట్ట మేలు అక్కడి రైతు పైరులో కనబడుతుంది. అందుకే అక్కడ పిట్టను కొట్టకూడదని ఎవరూ బోర్డు పెట్టి చెప్పనక్కర్లేదు. పులికాట్‌లో ఫ్లెమింగోలను చూడటానికి పోయే జనం దారిలో ఇక్కడ అరగంట ఆగి ఫోటో తీసుకుంటారు. నువ్వు రెండు రోజులుండు. తూము దగ్గర కూర్చో. నీళ్ళు ఎవరి మడికి ముందు పారుతున్నాయో, చిట్టచివరి మడివాడు ఏమంటున్నాడో విను.

నేలపట్టులో పిట్ట ఇస్తుంది. కౌండిన్యలో ఏనుగు తీసుకుంటుంది. రెండు చోట్లా జనం జంతువును దేవుడితో సమానంగానే చూస్తారు, వినాయకుడికి దండం పెట్టి మరీ ఏనుగును తరమడానికి టపాకాయ వెలిగించే రైతును నేను కళ్ళారా చూశాను. భక్తి ఉన్నా లెక్క తేడాగా ఉన్నప్పుడు ఎంత బాధ పడాల్సి వస్తుందో ఆ చేతుల్ని చూస్తే తెలుస్తుంది. నీ వ్యాసం ఆ చేతుల దగ్గర మొదలుపెడితే బాగుంటుందని నాకనిపిస్తోంది.

పేర్ల గురించి ఒక మాట. కడప జిల్లా లంకమల వైపు కలివికోడి అనే పిట్ట ఉంది. జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1848 ప్రాంతంలో దాన్ని కనుగొన్నాడు. 1900 తర్వాత శాస్త్రవేత్తల కంట పడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మళ్ళీ దొరికింది. పట్టుకున్నది స్థానిక వేటగాడు. పగలంతా పొదల కింద నక్కి, రాత్రిపూట తిరిగే పిట్ట అది. కలివి పొదల దగ్గర తిరిగే కోడి కాబట్టి కలివికోడి అని అక్కడివాళ్ళు పిలుస్తూనే ఉన్నారు. ఎక్కడ వెతకాలో ఆ పేరులోనే ఉంది! తర్వాత దాని కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. అందుకే చెప్తున్నాను, ఊరివాళ్ళు చెట్టుకూ పిట్టకూ వంకకూ పెట్టుకున్న పేర్లు వదిలిపెట్టకు. నీ వ్యాసంలో 'స్థానిక వృక్షజాతులు' అని ఉంది. మన శేషాచలం కొండల్లో తెల్లకరక ఉంది, మొగి ఉంది, జాలారి ఉంది, కొండగుగ్గిలం ఉంది. వాటిలో కొన్ని ఈ కొండలు దాటితే దొరకడమే కష్టం. పేరు పెట్టి పిలువు.

ఈ మధ్య 'ప్రకృతి ఆధారిత పరిష్కారాలు' అనే మాట బాగా వినబడుతోంది, నీ మూడో పేజీలోనూ ఉంది. మాట వెనక ఉన్న ఆలోచన మంచిదే, నేను దాని పక్షమే. వరదకైనా కరువుకైనా కాంక్రీటు కంటే ముందు చెరువునూ అడవినీ గడ్డినీ నమ్ముకోమంటుంది. మన జిల్లాలో ఆ పని పాతదే. పై చెరువు మొరవ (అలుగు) పోతే కింది చెరువు నిండేట్టు గొలుసు కట్టారు. నీళ్ళు పంచడానికి నీరుగంటిని పెట్టుకున్నారు. ఎండాకాలం పూడిక మట్టి బండ్లకెత్తి చేలకు తోలారు. ఎరువు చేనికి, లోతు చెరువుకి. అటు కాలువలు ఆక్రమణల్లో పోయాయి, ఇటు సర్కారు తుమ్మ చెరువు కడుపులోకి దిగింది, గొలుసు ఎక్కడికక్కడ తెగింది. అడవి అంచున ఒక చెరువు బాగుపడితే ఏనుగుకు నీళ్ళు, బోరుకు ఊట, గొర్రెలకు మేత, మూడూ ఒక్కసారిగా వస్తాయి. ఈ ఒక్క పని గురించి విడిగా ఒక వ్యాసం రాయి. పెద్ద మాట వాడకుండా రాయి, కట్ట, తూము, మొరవ, వంక అని రాయి. మీ ఊరి చెరువుతోనే మొదలుపెట్టు.

తలకోన జలపాతం కూడా నీ వ్యాసంలో ఉంది. నెరబైలు వన సంరక్షణ సమితివాళ్ళు అక్కడికొచ్చే యాత్రికుల బాగోగులు చూస్తూ, అందులోంచే బతుకుతెరువు సంపాదించుకున్నారు. అడవిలో కట్టె కొట్టే చేతికి అడవిని చూపించే పని దొరికితే చెట్టు నిలుస్తుంది, ఇది నేను నమ్మే మాట. నమ్మకాన్ని మాత్రం వ్యాసంలో పెట్టకు. సమితి లెక్కల పుస్తకం ఎవరి దగ్గరుంటుంది, ఆడవాళ్ళకు కూలి ఎంత, జలపాతంలో నీళ్ళు సన్నబడి జనం రాని నెలల్లో ఇల్లు ఎట్లా గడుస్తుంది, ఇవి అడిగి రాయి. జవాబు మంచిదైతే మంచిదని రాయి. మంచి జరిగినచోట దాన్ని దాచిపెట్టడం కూడా అబద్ధమే.

ఎర్రచందనం జోలికి నువ్వు పోలేదు. భయపడ్డావనుకుంటున్నాను. ఈ దక్షిణపు తూర్పు కనుమల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా సొంతంగా పెరగని చెట్టు, 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కింద ఉంది, అయినా నరుకుతూనే ఉన్నారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో కాల్పులు జరిగి తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చనిపోయారు. ఆ రోజు నేను తిరుపతిలోనే ఉన్నాను. చెట్టు మీద నాకున్న ప్రేమ ఆ రోజు ఏ మాటా పలకలేకపోయింది. చెట్టు పోకూడదు. దుంగ మీద పెద్ద లాభం తినేవాడు ఎక్కడో ఉంటే, గొడ్డలి పట్టిన కూలివాడు ప్రాణం పోగొట్టుకోవడమూ కూడదు. ఈ రెండు మాటలూ ఒకే పేజీలో రాయడం ఎట్లాగో నాకు చాలా ఏళ్ళు చేతకాలేదు. నీకు ఇప్పుడే చేతనవ్వాలని అడగను. కొండల అవతల ఆ కూలీల ఊళ్ళకు ఎప్పుడైనా పోయి, ఆ ఇళ్ళలో కూర్చుని, వాళ్ళు చెప్పేది విను. రాయడం తర్వాత.

ఇంక చిన్న చిన్నవి. వ్యాసంలో అంకెలు తగ్గించు, ఉంచినవి సరిచూసుకో. అధికారిని కలిసినప్పుడు రాత్రి గస్తీ తిరిగే ట్రాకర్‌ను కూడా కలువు. గుంపు ఎటు కదులుతోందో ముందుగా కబురు తెచ్చేది అతనే, పేపర్లో పేరు రానిదీ అతనికే. ఫోన్లో మాట్లాడి రాసినదాన్ని చూసొచ్చినట్టు రాయకు. అడవి అంచుకు ఒంటరిగా పోవద్దు, సాయంత్రం ఐదు దాటాక అసలే వద్దు. ఫోటో కోసం ఏనుగు దగ్గరకు పోతే నీతో ఇక మాట్లాడను.

చివరి పేజీలో ఆ తోట రైతు గురించి నాలుగు వాక్యాలు రాశావు చూడు, వ్యాసం మొత్తంలో ప్రాణమున్నది అక్కడే. గుంపు తెల్లారే ముందు కొండెక్కిందని రాసి ఆపేశావు. తెల్లారాక అతను ఏం చేశాడు? విరిగిన అరటి బోదెలు ముందు పక్కకు లాగాడా, పసరాలకు వేశాడా, గట్టు మీద కూర్చుండిపోయాడా? అతని భార్య పొయ్యి వెలిగించిందా? ఆ రోజు పిల్లలు బడికి పోయారా? మళ్ళీ వెళ్ళి అడుగు. ఈసారి పొద్దున్నే పో, పాల వేళకు. అడిగింది రాసుకుని, సంక్రాంతికి తిరుపతి వచ్చినప్పుడు తీసుకురా.

ఆశీస్సులతో,
మీ తాత